350 స్మాల్ బ్లాక్‌కు 180, 195, 210 సీసీ హెడ్‌లలో ఏది? ఇన్‌టేక్ పోర్టు పరిమాణం ఎంచుకునే పద్ధతి

మీరు అడిగినది ఇది. 1978 నాటి షెవ్రొలే కమారోలో ఉన్న 350 స్మాల్ బ్లాక్ (350 ఘనపు అంగుళాల వీ8) ఇంజనును మళ్లీ కడుతున్నారు. ఫ్లాట్ టాప్ పిస్టన్లు, 0.050 అంగుళాల దగ్గర 224/230 డిగ్రీల డ్యూరేషన్ (వాల్వు తెరిచి ఉండే కాలం, క్రాంకు డిగ్రీల్లో), 0.480 అంగుళాల లిఫ్ట్ (వాల్వు లేచే ఎత్తు) ఉన్న హైడ్రాలిక్ ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్, డ్యూయల్ ప్లేన్ మానిఫోల్డ్, 650 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఇన్ని ఘనపు అడుగుల గాలి) కార్బ్యురేటర్ ఇప్పటికే కొన్నారు. వెనక టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్సు, 3.42 నిష్పత్తి యాక్సిల్ ఉన్నాయి. 400 హార్స్‌పవర్ కావాలి కానీ కారు తిరిగేది రోడ్డు మీదే. అల్యూమినియం సిలిండర్ హెడ్‌లలో 180, 195, 210 సీసీ ఇన్‌టేక్ పోర్టులు (గాలి లోపలికి వెళ్లే దారులు) ఉన్నవి దాదాపు ఒకే ధరకు దొరుకుతున్నప్పుడు, పెద్దదే కొంటే రేపు ఎటైనా పనికొస్తుందని మిత్రులు చెబుతున్న మాట నిజమేనా అని మీ సందేహం.

నా సమాధానం 180. మీ బ్లాకులో స్ట్రోకు పెంచి ఇంజనును 383 ఘనపు అంగుళాలు చేసే స్ట్రోకర్ క్రాంకు పెట్టే ఆలోచన ఖాయంగా ఉంటే 195 తీసుకోండి, 210 మాత్రం ఈ ఇంజనుకు వద్దు. ఇలా చెప్పి వదిలేస్తే ఇది ఇంకొక మిత్రుడి అభిప్రాయం మాత్రమే అవుతుంది కనుక, ఈ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో, మీ ఇంజను కొలతలతో మీరే ఎలా సరిచూసుకోవచ్చో వివరంగా రాస్తున్నాను.

ముందుగా, పోర్టు సీసీ అనేది ఘనపరిమాణం. మానిఫోల్డ్ కూర్చునే ముఖం నుంచి వాల్వ్ సీటు వరకు ఉన్న ఖాళీలో ఎంత ద్రవం పడుతుందో అదే ఆ అంకె. ఇంజనుకు ఆ ఖాళీ మొత్తంతో నేరుగా పని లేదు. గాలికి అడ్డొచ్చేది లేదా ఊతమిచ్చేది ఆ దారి మధ్యచ్ఛేద వైశాల్యం, అందులోనూ దారి అన్నిటికంటే ఇరుకైన చోట ఉన్న వైశాల్యం. స్మాల్ బ్లాక్ షెవీలో ఆ ఇరుకైన చోటు సాధారణంగా పుష్‌రాడ్ (క్యామ్ కదలికను రాకర్‌కు చేర్చే కడ్డీ) పక్కనే వస్తుంది, ఎందుకంటే పుష్‌రాడ్‌కు తోవ ఇవ్వడానికి పోర్టు గోడను లోపలికి నొక్కి పోతపోశారు. ఒకే కుటుంబానికి చెందిన 23 డిగ్రీల (వాల్వు వాలిన కోణం) హెడ్‌లలో పోర్టు పొడవు ఇంచుమించు సమానం కనుక సీసీ పెరిగితే వైశాల్యం కూడా పెరిగిందని అనుకోవచ్చు. అందుకే వాడుకలో సీసీ లెక్క నిలబడిపోయింది. కుటుంబం మారితే ఆ లెక్క చెల్లదు. 1997 కార్వెట్‌తో వచ్చిన ఎల్ఎస్1 కూడా 5.7 లీటర్ల ఇంజనే, దాని పోర్టు సుమారు 200 సీసీ, అయినా కింది ఆర్‌పీఎంలో అది హాయిగా లాగుతుంది. అక్కడ పోర్టు సన్నగా, ఎత్తుగా, వాల్వు వైపు మరింత సూటిగా ఉంటుంది. దాన్ని చూపించి పాత స్మాల్ బ్లాకుకు కూడా 200 సీసీ పెట్టమనేవారు రెండు వేరు వేరు వస్తువులను ఒకే కొలబద్దతో కొలుస్తున్నారు.

ఇక్కడ మన ప్రాంతపు పాఠకులకు ఒక మాట చెప్పాలి. ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండ్లకు చేయించే పోర్టింగ్ వేరు, ఇది వేరు. అక్కడ పోర్టు అంటే సిలిండర్ గోడలోని కిటికీ, దాని పై అంచును కదిలిస్తే అది తెరుచుకునే సమయమే మారిపోతుంది. ఫోర్ స్ట్రోక్ హెడ్‌లో సమయాన్ని నిర్ణయించేది క్యామ్, పోర్టు కేవలం దారి. ఆ బండ్ల అనుభవం ఇక్కడ ప్రమాణంగా పనికిరాదు.

ఇప్పుడు అసలు విషయం. గాలికి బరువుంది, కదిలే గాలికి గతిశక్తి ఉంది. పిస్టన్ కిందికి దిగుతున్నప్పుడు పోర్టులో మొదలైన ప్రవాహం, పిస్టన్ అట్టడుగుకు చేరి తిరిగి పైకి లేవడం మొదలుపెట్టినా వెంటనే ఆగదు. మీరు కొన్న క్యామ్‌ను 106 డిగ్రీల సెంటర్‌లైన్ (ఇన్‌టేక్ వాల్వు గరిష్ఠంగా తెరుచుకునే స్థానం) మీద కూర్చోబెడితే, దాని 268 డిగ్రీల ప్రకటిత డ్యూరేషన్ ప్రకారం ఇన్‌టేక్ వాల్వు పిస్టన్ అట్టడుగు దాటిన తరువాత సుమారు 60 డిగ్రీల వరకు మూసుకోదు. ఆ 60 డిగ్రీలలో పిస్టన్ పైకి వస్తూ, లోపల చేరిన మిశ్రమాన్ని తిరిగి పోర్టులోకి నెట్టాలని చూస్తుంది. పోర్టులోని గాలి స్తంభం వడిగా వస్తూ ఉంటే అది పిస్టన్‌కు ఎదురు నిలిచి ఇంకా కొంత మిశ్రమాన్ని లోపలికి కుక్కుతుంది, నెమ్మదిగా వస్తూ ఉంటే ఓడిపోయి వెనక్కి పోతుంది. ఐడిల్‌లో కార్బ్యురేటర్ నోటి దగ్గర ఇంధనపు పొగమంచు కనిపించడానికీ, వేకువ చలిలో ఇంజను దగ్గడానికీ, 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ తొక్కగానే ఒక క్షణం తడబడడానికీ ఈ వెనకడుగు ఒక ముఖ్య కారణం. క్యామ్ ఎంత పెద్దదైతే ఆ వెనకడుగు అంత ఎక్కువ, పోర్టులో వేగం ఎంత ఎక్కువైతే అది అంత తక్కువ.

గతిశక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. అందువల్ల పోర్టు వైశాల్యం కొద్దిగా పెరిగినా నష్టం కొద్దిగా ఉండదు. కాలువ వెడల్పయిన చోట నీరు నెమ్మదించినట్లే, అదే పరిమాణంలో గాలి పెద్ద దారిలో నెమ్మదిస్తుంది. కార్బ్యురేటర్ ఉన్న ఇంజనులో దీనికి ఇంకొక పర్యవసానం కూడా ఉంది. పెట్రోలు ఆవిరిగా కాక తుంపరలుగా ప్రయాణిస్తుంది, గాలి వడి తగ్గితే ఆ తుంపరలు పోర్టు నేల మీద రాలి పల్చటి పొరగా పారతాయి, అప్పుడు ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క రకం మిశ్రమం అందుతుంది. ఇంజెక్టరు వాల్వు వెనకనే చిమ్మే ఇంజనుల్లో ఈ బాధ బాగా తక్కువ కనుక, అవి పెద్ద పోర్టును కొంతవరకు ఓర్చుకుంటాయి. మీది కార్బ్యురేటర్ ఇంజను అన్న సంగతి ఈ ఎంపికలో చిన్న విషయం కాదు.

లెక్కలోకి వద్దాం. పిస్టన్ ఎంత గాలిని లాగుతుందో, ఆ గాలి ఇరుకైన చోట ఎంత వేగంతో వెళ్లాలో చెప్పే సూత్రం ఇంజను కట్టేవారి వాడుకలో ఒకటుంది. బోరును అంగుళాల్లో తీసుకుని వర్గం చేసి, స్ట్రోకుతో, ఆర్‌పీఎంతో, 0.00353 అనే స్థిరాంకంతో గుణించి, పోర్టులో ఇరుకైన చోటి వైశాల్యాన్ని చదరపు అంగుళాల్లో తీసుకుని దానితో భాగిస్తే, సెకనుకు ఇన్ని అడుగులు అని వేగం వస్తుంది. ఆ స్థిరాంకంలో దాచిపెట్టినదేమీ లేదు. పిస్టన్ సగటు వేగాన్ని సుమారు 1.62తో పెంచి, స్ట్రోకు మధ్యలో అది అందుకునే గరిష్ఠ వేగాన్ని తీసుకుంటే, ప్రమాణాల మార్పిడితో కలిపి ఆ అంకె వస్తుంది. ఈ వేగం సెకనుకు 600 అడుగులు దాటి 613 దగ్గరకు వచ్చేసరికి, అంటే ధ్వని వేగంలో 0.55 వంతు ప్రాంతంలో, పోర్టు ఊపిరాడని స్థితికి చేరుతుంది. ఆ పైన ఆర్‌పీఎం పెంచినా శక్తి పెరగదు.

మీ 350 బోరు 4.000 అంగుళాలు, స్ట్రోకు 3.48. మీ క్యామ్‌తో గరిష్ఠ హార్స్‌పవర్ 5,600 నుంచి 5,800 ఆర్‌పీఎం మధ్య వస్తుందని అనుకుందాం. 23 డిగ్రీల హెడ్‌లో 180 సీసీ పోర్టుకు ఇరుకైన చోటు సుమారు 1.9 చదరపు అంగుళాలు, 195కు సుమారు 2.05, 210కు సుమారు 2.2 ఉంటుందని తీసుకోండి. తయారీదారును బట్టి ఇవి కాస్త అటూ ఇటూ అవుతాయి, కనుక కొనబోయే హెడ్ కొలతను అడిగి తెలుసుకోవాలి. 5,800 ఆర్‌పీఎం దగ్గర 1.9 చదరపు అంగుళాల పోర్టులో వేగం 600 అడుగులు. అంటే మీ క్యామ్ అలసిపోయే చోటే పోర్టు కూడా తన హద్దుకు చేరుతుంది. సరైన జోడీ అంటే అదే. 2.2 చదరపు అంగుళాల పోర్టులో అదే ఆర్‌పీఎంకు వేగం 518 అడుగులే. ఆ పోర్టు ఇంకా పైకి ఊదగలదు, కానీ అంతవరకు వెళ్లే క్యామ్ మీ దగ్గర లేదు, మానిఫోల్డ్ లేదు, వాల్వ్ స్ప్రింగులూ లేవు.

ఇప్పుడు అదే లెక్కను మీరు నిజంగా నడిపే చోట వేయండి. టర్బో 350లో ఓవర్‌డ్రైవ్ లేదు. 3.42 యాక్సిల్‌తో, 26 అంగుళాల టైర్లతో, గంటకు 65 మైళ్ల దగ్గర ఇంజను సుమారు 2,870 ఆర్‌పీఎం తిరుగుతుంది, ఊళ్లోని సిగ్నళ్ల మధ్య 1,500కూ 2,500కూ నడుమ తిరుగుతుంది. 2,500 దగ్గర పూర్తిగా తొక్కితే చిన్న పోర్టులో గాలి వేగం 259 అడుగులు, పెద్ద పోర్టులో 223. వేగంలో తేడా 14 శాతం, గతిశక్తిలో తేడా పావు వంతు. పైన 5,800 దాటాక మీకు ఏమీ ఇవ్వని పోర్టు కోసం కింద ఈ పావు వంతును వదులుకోవడం నాకు ఏ విధంగానూ సమంజసంగా కనిపించదు.

ఈ లెక్కలో నాకు అన్నిటికంటే నచ్చినది, సిలిండర్ పరిమాణం మారితే జవాబు ఎంత చక్కగా జరుగుతుందో చూపించడం. 4.030 బోరు, 3.75 స్ట్రోకు ఉన్న 383కు 5,800 ఆర్‌పీఎం దగ్గర 2.05 చదరపు అంగుళాల పోర్టులో వేగం 608 అడుగులు. 1970 నుంచి 1980 వరకు షెవ్రొలే తయారు చేసిన 400 స్మాల్ బ్లాకు బోరు 4.125, స్ట్రోకు 3.75. దానికి అదే ఆర్‌పీఎం దగ్గర 2.2 చదరపు అంగుళాల పోర్టులో 594 అడుగులు. అంటే 350కి 180, 383కు 195, 400కు 210 పెడితే మూడు ఇంజనులూ ఒకే స్వభావంతో నడుస్తాయి. మీ మిత్రులలో ఎవరైనా 210 పెట్టి సంతోషంగా ఉంటే, ముందు ఆయన ఇంజను ఎన్ని ఘనపు అంగుళాలో అడగండి. 400 ఉన్న ఆయన చెప్పింది తన ఇంజను విషయంలో నిజమే.

గరిష్ఠ టార్క్ ఎక్కడ వస్తుందో అంచనా వేయడానికి కూడా పాత సూత్రం ఒకటుంది: వైశాల్యాన్ని 88,200తో గుణించి, ఒక్క సిలిండరు ఘనపు అంగుళాలతో భాగించాలి. మీ సిలిండరు 43.7 ఘనపు అంగుళాలు కనుక, 1.9కి సుమారు 3,830 ఆర్‌పీఎం, 2.2కు సుమారు 4,440 వస్తుంది. క్యామ్, మానిఫోల్డ్ రన్నర్ పొడవు, ఎగ్జాస్టు హెడర్లు దీన్ని అటూ ఇటూ లాగుతాయి కాబట్టి దీన్ని ఖచ్చితమైన జోస్యంగా తీసుకోకండి, దిశను మాత్రం సరిగానే చూపిస్తుంది.

తరువాతి ప్రశ్న, 180 సీసీ హెడ్ మీకు 400 హార్స్‌పవర్ ఇవ్వగలదా అని. 28 అంగుళాల నీటి పీడన వ్యత్యాసం దగ్గర ఫ్లో బెంచ్ (హెడ్ గుండా గాలి ప్రవాహాన్ని కొలిచే యంత్రం) చూపిన సీఎఫ్‌ఎంను 0.257తో, ఆపైన సిలిండర్ల సంఖ్యతో గుణిస్తే ఆ హెడ్ మోయగల హార్స్‌పవర్ అంచనా వస్తుంది. తిరగేసి చూస్తే, ఎనిమిది సిలిండర్ల నుంచి 400 రావడానికి సుమారు 195 సీఎఫ్‌ఎం చాలు. ఈ సూత్రం అన్నీ చక్కగా కుదిరిన ఇంజనుకు వర్తిస్తుంది, రోడ్డు ఇంజను దాన్ని అందుకోదు, కనుక 220 నుంచి 240 వరకు ఉండాలని అనుకుందాం. నేటి మంచి 180 సీసీ అల్యూమినియం హెడ్ ఏదైనా మీ క్యామ్ లిఫ్ట్ దగ్గర ఆ మేరకు ఊదుతుంది. 1996 నుంచి జనరల్ మోటార్స్ ట్రక్కులలో వచ్చిన ఇనుప వోర్టెక్ హెడ్ సుమారు 170 సీసీతోనే అందుకు దగ్గరగా వెళ్తుంది. కావలసినంత ప్రవాహం చిన్న పోర్టులోనే దొరుకుతున్నప్పుడు పెద్దదాన్ని ఎంచుకోవడానికి కారణం మిగలదు.

ఫ్లో బెంచ్ కాగితాలు చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకోండి. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసే అంకె సాధారణంగా 0.600 అంగుళాల లిఫ్ట్ దగ్గరిది. మీ వాల్వు 0.480 దాటి ఎన్నడూ తెరుచుకోదు కనుక ఆ అంకెతో మీకు సంబంధం లేదు. వాల్వు తన గరిష్ఠ లిఫ్ట్‌ను ఒక్కసారే తాకుతుంది, మధ్య లిఫ్ట్‌లను ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి దాటుతుంది. 0.200, 0.300, 0.400 దగ్గరి అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చండి. చాలాసార్లు ఆ వరుసలో 180కీ 210కీ మధ్య తేడా అతి స్వల్పంగా కనబడుతుంది, ఎందుకంటే అక్కడ ప్రవాహాన్ని అదుపు చేసేది పోర్టు కాదు, వాల్వు సీటు దగ్గరి తెర లాంటి సందు. ఆ సందు వైశాల్యం వాల్వు చుట్టుకొలతను లిఫ్ట్‌తో గుణించినంత. 2.02 అంగుళాల వాల్వుకు లిఫ్ట్ 0.505 చేరినప్పుడు గానీ అది వాల్వు ముఖ వైశాల్యంతో సమానం కాదు, మీ క్యామ్ ఆ హద్దును తాకదు కూడా. అందుచేత మీ డబ్బులో కొంత మిగిలితే దాన్ని సీసీ మీద కాక వాల్వ్ జాబ్ మీద పెట్టండి. 30, 45, 60 డిగ్రీల కోణాలతో శ్రద్ధగా కోసిన సీటు, వాల్వు వ్యాసంలో 88 నుంచి 90 శాతం ఉన్న గొంతు, దాని కింద మలుపులో గట్లు లేకుండా కలిపిన గిన్నె, ఇవే మధ్య లిఫ్ట్ ప్రవాహాన్ని పెంచేవి.

రెండో జాగ్రత్త, సీఎఫ్‌ఎంను ఒంటరిగా చూడకుండా వైశాల్యంతో భాగించి చూడటం. 28 అంగుళాల పీడన వ్యత్యాసం దగ్గర ఒక చదరపు అంగుళం గుండా సిద్ధాంతపరంగా 146 సీఎఫ్‌ఎం కంటే ఎక్కువ పోదు. 1.9 చదరపు అంగుళాల పోర్టు 240 ఊదితే అంగుళానికి 126, అంటే 86 శాతం. 2.2 పోర్టు 250 ఊదితే అంగుళానికి 114, అంటే 78 శాతం. రెండోదాని మొత్తం ఎక్కువే, కానీ ఆ పది సీఎఫ్‌ఎం దారిని వెడల్పు చేసి తెచ్చినది. మొదటిది మంచి ఆకృతితో తెచ్చినది. హెడ్ రూపొందించిన మనిషి పనితనం ఈ భాగహారంలో బయటపడుతుంది, నేను హెడ్‌ల మధ్య నిర్ణయించుకోవలసి వచ్చినప్పుడు ముందుగా చూసేది ఇదే.

పెద్ద పోర్టు వాదనకు న్యాయంగా చెప్పవలసినది కూడా ఉంది. ఇంజను శక్తిని కొలిచే డైనమోమీటర్ మీద ఒకే 350కి 180, 210 మార్చి మార్చి పెట్టి చూస్తే టార్క్ గీతల్లో తేడా భయపడినంత ఉండదు. కింది ఆర్‌పీఎంలో బలం పోవడానికి పోర్టు కంటే పెద్ద కారణాలు క్యామ్ డ్యూరేషన్, తక్కువ కంప్రెషన్, సింగిల్ ప్లేన్ మానిఫోల్డ్. వాటిని తప్పుగా ఎంచుకున్న ఇంజనును ఏ హెడ్డూ కాపాడదు. అయితే ఆ పరీక్షల్లో ఎక్కువ భాగం 3,000 ఆర్‌పీఎం దగ్గర, థ్రాటిల్ పూర్తిగా తెరిచి మొదలవుతాయి. సగం థ్రాటిల్ మీద 1,800 దగ్గర మూడో గేరులో ఎత్తు ఎక్కడం, చల్లటి ఇంజను మొదటి నిమిషాల నడక, తొక్కగానే అందుకోవడం అక్కడ కొలవరు. మీరు కారులో గడిపే సమయంలో అత్యధిక భాగం అవే.

పెద్ద పోర్టును పెట్టి రోడ్డు మీదికి వదిలితే ఏమవుతుందో తెలియజేసే ఉదాహరణ అమెరికా కార్ల చరిత్రలోనే ఉంది. ఫోర్డ్ సంస్థ 1970 నుంచి 1974 వరకు అమ్మిన 351 క్లీవ్‌లాండ్ ఇంజనుకు రెండు రకాల హెడ్‌లు ఉండేవి. 4వీ (వీ అంటే కార్బ్యురేటర్ వెంచురీ, వాల్వు కాదు) అని పిలిచేదానికి 2.19 అంగుళాల ఇన్‌టేక్ వాల్వు, చేయి దూరేంత పోర్టు. 2వీ అని పిలిచేదానికి 2.04 వాల్వు, బాగా చిన్న పోర్టు. 4వీ తరహా హెడ్‌నే 302 ఘనపు అంగుళాల బాస్ 302కు కూడా పెట్టారు. ఆ కారుకు 1969లో 2.23 అంగుళాల ఇన్‌టేక్ వాల్వు ఉండగా 1970లో దాన్ని 2.19కి తగ్గించారు. పై ఆర్‌పీఎంలో తిరిగే ట్రాన్స్ యామ్ పోటీల్లో ఆ పోర్టులకు తగిన పని దొరికింది, 1970లో ఆ పోటీల తయారీదారుల ఛాంపియన్‌షిప్ ఫోర్డ్‌కే దక్కింది. రోడ్డు మీద మాత్రం 4వీ ఇంజనులు కింద మందకొడిగా ఉంటాయనే పేరు నిలిచిపోయింది, పోర్టు నేలను నింపి పైకెత్తడం, లోపల నాలుక లాంటి పలకలు అమర్చి దారిని ఇరుకు చేయడం వాటి యజమానులు కనిపెట్టుకున్న మందులు. డబ్బు పెట్టి పెద్ద పోర్టు కొనుక్కుని, మళ్లీ డబ్బు పెట్టి దాన్ని పూడ్చుకోవడం ఎవరికీ రాకూడదు. దీన్ని మీ విషయానికి అన్వయిస్తే ఇంకొక సంగతి తేలుతుంది: చిన్న పోర్టును తరువాత నిపుణుడి చేత పెద్దది చేయించుకోవచ్చు, పెద్దదాన్ని చిన్నది చేయడం కష్టం. రేపటి అవసరం కోసం ఈరోజు పెద్దది కొనాలన్న వాదన తలకిందులుగా ఉంది.

అయితే 195కు నేను ఒప్పుకునే సందర్భాలున్నాయి. 383 సంగతి చెప్పాను. 350 మీదే, మాన్యువల్ గేర్‌బాక్సు, 3.73 లేదా అంతకంటే పెద్ద అంకె ఉన్న యాక్సిల్, 10కి తగ్గని కంప్రెషన్, 0.050 దగ్గర 235 డిగ్రీలు దాటిన రోలర్ క్యామ్, 6,500 వరకు తరచూ తిప్పే అలవాటు, ఇవన్నీ కలిసి ఉంటే 195 సరిపోతుంది. ఆటోమేటిక్ ఉన్నవారికి ఎక్కువ స్టాల్ ఉన్న (ఇంజను ఎక్కువ ఆర్‌పీఎం అందుకున్నాకే గట్టిగా పట్టే) టార్క్ కన్వర్టర్ ఈ ఇబ్బందిని కొంత కప్పిపుచ్చుతుంది, ఎందుకంటే ఇంజను ఆ కింది ఆర్‌పీఎంలో బరువు లాగవలసిన అవసరమే రాదు. మీ జాబితాలో వీటిలో ఒక్కటీ లేదు.

మీ ఇంజనులో పోర్టు కంటే ముందు నాకు కనిపించిన లోపం కంప్రెషన్. ఆ కాలపు 350లకు వచ్చిన 882 క్యాస్టింగ్ (మీద పోతపోసిన అంకె) హెడ్‌ల దహన గది 76 సీసీ, పైగా అవి పగుళ్లకు పేరుపడ్డవి. నాలుగు వాల్వ్ గాట్లతో 6 సీసీ పోయే ఫ్లాట్ టాప్ పిస్టన్, డెక్‌కు (బ్లాకు పై ముఖానికి) 0.025 అంగుళాలు కిందనున్న పిస్టన్, 0.039 మందపు గాస్కెట్ అనుకుంటే, 76 సీసీ గదితో కంప్రెషన్ 8.5 మాత్రమే వస్తుంది. అదే కూర్పులో 64 సీసీ గది ఉన్న హెడ్ పెడితే 9.6కు చేరుతుంది. మీ క్యామ్‌కు ఆ 9.6 ఎంతో అవసరం, వాల్వు ఆలస్యంగా మూసుకోవడం వల్ల పోయిన ఒత్తిడిని తిరిగి తెచ్చేది అదే. అల్యూమినియం హెడ్‌తో సాధారణ పంపు పెట్రోలు మీద అది నడుస్తుంది. బ్లాకును ఎలాగూ మెషిన్ షాపుకు పంపుతున్నారు కనుక డెక్‌ను కోయించి పిస్టన్‌కూ హెడ్‌కూ మధ్య సందును 0.064 నుంచి 0.040 దగ్గరకు తెప్పిస్తే నాకింగ్ తట్టుకునే శక్తి ఇంకా పెరుగుతుంది. అలా చేస్తే కంప్రెషన్ 10 దాటుతుంది కనుక లెక్క మళ్లీ వేసుకోండి. హెడ్ ఆర్డరు చేసేటప్పుడు 180 సీసీ అన్నంత గట్టిగా 64 సీసీ గది అని కూడా చెప్పండి, ఒకే హెడ్ రెండు గదులతోనూ అమ్ముతారు.

ఖర్చు తగ్గించాలనుకుంటే వోర్టెక్ హెడ్‌లను నేను మనస్ఫూర్తిగా సిఫార్సు చేస్తాను. 906, 062 అంకెల క్యాస్టింగులు వెతకండి, గది 64 సీసీ, వాల్వులు 1.94, 1.50. అయితే ఫ్యాక్టరీ రిటైనరు వాల్వ్ సీలుకు తగలకుండా ఉండాలంటే లిఫ్ట్ 0.460 ప్రాంతంలోనే ఆగాలి, మీ క్యామ్‌కు గైడు తల కోయించి స్ప్రింగులు మార్చవలసి వస్తుంది. వాటికి మానిఫోల్డ్ బోల్టుల అమరిక కూడా వేరు, మీరు కొన్న మానిఫోల్డ్ పాత అమరికదైతే కూర్చోదు. ఈ రెండు ఖర్చులూ కలిపాక అల్యూమినియంతో తేడా ఎంత మిగులుతుందో చూసి నిర్ణయించుకోండి.

180 హెడ్ చేతికి వచ్చాక పోర్టు నోటిని, మానిఫోల్డ్ నోటిని కొలవండి. ఫెల్ ప్రో గాస్కెట్లలో 1204 కిటికీ 1.23 × 1.99 అంగుళాలు, 1205 కిటికీ 1.28 × 2.09, 1206 కిటికీ 1.34 × 2.21. మీకు మొదటిది లేదా రెండోది సరిపోతుంది. పెద్ద గాస్కెట్ తెచ్చి దాని అంచు వరకు పోర్టు నోటిని అరగదీసే అలవాటు కొందరిలో ఉంది. దానివల్ల నోటి దగ్గర గాలి ఒకసారి నెమ్మదించి పుష్‌రాడ్ దగ్గర మళ్లీ వేగం పుంజుకోవాలి, అందులో శక్తి పోతుంది తప్ప లాభం లేదు. మానిఫోల్డ్ నోరు హెడ్ నోటి కంటే పిసరంత చిన్నదైతే ఏ ప్రమాదమూ లేదు, వెనక్కి పొంగే మిశ్రమానికి ఆ మెట్టు అడ్డుపడుతుంది కూడా. మానిఫోల్డ్ పెద్దదై హెడ్ చిన్నదైతే మాత్రం గాలి నేరుగా ఆ అంచుకు కొట్టుకుంటుంది, అప్పుడు హెడ్ నోటిని ఒక అంగుళం లోతు వరకు ఏటవాలుగా కలిపితే చాలు. ఇన్‌టేక్ పోర్టును అద్దంలా మెరిపించవద్దు, 80 నంబరు కాగితంతో వదిలిన గరుకు ఉపరితలం మీదే ఇంధనపు పొర బాగా చెదురుతుంది.

హెడ్‌తో వచ్చిన స్ప్రింగులు హైడ్రాలిక్ రోలర్ కోసం పెట్టినవైతే మీ ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌ను అవి అరగదీసే ప్రమాదం ఉంది, ఆర్డరు చేసేటప్పుడే క్యామ్ రకం చెప్పి తగిన స్ప్రింగులు అడగండి. పాత పుష్‌రాడ్లను అలాగే వాడకుండా, సర్దుబాటు చేయగల పుష్‌రాడ్ ఒకటి తెచ్చి, రాకర్ కొన వాల్వు కాడ మీద వదిలే గుర్తు నడిమధ్యన సన్నగా పడేంతవరకు పొడవు మార్చి చూసి, ఆ కొలతతో కొత్తవి తెప్పించుకోండి. హెడ్‌లు వచ్చాక పుష్‌రాడ్ పక్కనున్న ఇరుకైన చోటి వెడల్పును, ఎత్తును కొలిచి ఇక్కడ రాస్తే, పైన వేసిన లెక్కను మీ అసలు వైశాల్యంతో మళ్లీ వేసి క్యామ్‌ను 106 మీద పెట్టాలో, ఒకటి రెండు డిగ్రీలు ముందుకు జరపాలో చెబుతాను.